పదకొండో నంబరు పలక

నా దగ్గర ఒక జాబితా ఉంది.
పదిహేడు పలకలు, పదిహేడు రేవులు.
మనీలాలో పోసిన ఇనుము,
నల్లరంగు మీద బంగారు అక్షరాలు.
ఏడాదికోసారి పడవెక్కి వెళ్లి
ఒక్కోదాన్నీ తుడిచి, రంగేసి,
గడిలో "ఉన్నది" అని రాసి రావడం నా ఉద్యోగం.
చరిత్ర ఉన్నదా అని కాదు,
పలక ఉన్నదా అని.

పదకొండో నంబరు లేదు.

లావిగాన్ రేవులో పగడపురాళ్ల బురుజు
మొండిగా నిలబడే ఉంది.
గోడలో నాలుగు మేకుల బెజ్జాలు,
వాటి నడుమ ఎండ తగలని నలుచదరం,
గడియారం విప్పేసిన మణికట్టులా
పాలిపోయి.

తుపాను వెళ్లి నలభై రోజులు.
కొబ్బరిచెట్లన్నీ ఇంకా
ఒకే వైపుకి తల దువ్వుకునే ఉన్నాయి.
ఎవర్నడిగినా "సముద్రం తీసుకెళ్లింది సార్" అన్నారు,
అందరూ ఒకే మాట, అదీ మరీ తొందరగా.
నలభై కిలోల ఇనుముని
సముద్రం చంకన పెట్టుకు పోయిందట!
సరే, రాసుకున్నాను.

ఎండుచేపల తడికల దగ్గర ఒక కుర్రాడు మాత్రం
నా మొహం చూడకుండా
కొండవాలు వైపు చూశాడు.
ఆ చూపు పట్టుకుని ఎక్కాను.

పొతెన్సియానా కబ్రిగాస్.
ఊరందరికీ అమ్మే, నానాయ్ పొతెన్.
కప్పు మిగిలిన మూడిళ్లలో ఆమెదొకటి.
వెనక వాలులోంచి చూస్తే చూరు నడుమెత్తే.
రేకుల మీద రెండు టైర్లు, విరిగిన లంగరు,
మధ్యలో బోర్లా పడుకుని
నా పదకొండో నంబరు.

నన్నూ, నా రంగు డబ్బానీ చూసింది.
దొంగతనం బయటపడ్డట్టు కాదు,
అప్పిచ్చినవాడు గడువుకి ముందే వచ్చినట్టు.
కూర్చోమంది.
ఉడికిన చిలగడదుంప, అంచున చిటికెడు ఉప్పు.

"గాలి మొదలైన సాయంత్రం
ఒక్క మేకుకి వేలాడుతుంటే మా క్రిసాంతో తెచ్చాడు.
ఈ మూల రేకు లేస్తోంది, బరువు కావాలి.
దానిమీద ఏం రాశారో నాకేం తెలుసు,
అది మా మాట కాదుగా.
నువ్వు చదువు, వింటాను."

క్రిసాంతో, నేనూ కలిసి తిరగేశాం.
"సముద్రపు దొంగల బారి నుండి
ఈ గ్రామ ప్రజలను కాపాడుటకై
ఒక పాద్రీ ఈ బురుజును నిర్మించెను."
మెల్లగా వారాయ్‌లోకి మార్చి చెప్పాను.
నాదీ ఆ భాషే. ఆఫీసులో వాడను.

ఆమె చాలాసేపు నమిలింది,
దుంపనో, మాటనో.
"ఆ రాళ్లన్నీ పాద్రీ ఒక్కడే మోశాడా?
గట్టి నడుమే."
కాసేపాగి,
"కాపాడుటకై అనే ఉందా? నిజంగా?"
"ఉంది."
"కాపాడింది మరి.
ఆ రాత్రి ఈ కప్పు కింద పంతొమ్మిది మందిమి,
రెండు పందులు."

రూలు ప్రకారం
అప్పుడే దింపించి పడవెక్కించాలి.
పలక తీసిన చోట, రేకు మీద,
నలభై రోజుల వాన దింపిన తుప్పు.
అవే అక్షరాలు, అద్దంలోలా తిరగబడి.
ఇప్పుడు నాకూ చదువు రాదు, ఆమెకీ రాదు.
ఇద్దరం చూరు పట్టుకుని
చూస్తూ నిలబడ్డాం.

"డిసెంబరు దాటనీ," అంది,
"గాలులు తగ్గాక నేనే దింపిస్తాను.
కావాలంటే తోమి ఇస్తాను."

పలకని మళ్లీ బోర్లించాం, కాస్త ఎడంగా,
రేకు మరీ తినెయ్యకుండా.
బంగారు రంగు అయిపోవచ్చింది;
ఖాళీ డబ్బా ఆమె అడిగి తీసుకుంది,
కలమాన్సీ మొక్క పెట్టుకోవడానికట.

పడవలో జాబితా తీశాను.
పదకొండు: "ఉన్నది."
పక్క గడిలో, ఎప్పుడూ ఖాళీగా వదిలే గడిలో,
కలం కాసేపు ఊగింది, అలలకే అనుకోండి.
"వాడుకలో ఉన్నది" అని రాశాను.

ఇంకా ఆరు రేవులు ఉన్నాయి.
బంగారు రంగు లేదు.